చేతికి తెలిసిన లెక్క

సూర్యుని తేజస్సును భరించలేక ఆయన భార్య సంజ్ఞాదేవి తన ఛాయను ఇంట నిలిపి అడవికి వెళ్లిపోయింది. కుమార్తె బాధను గ్రహించిన విశ్వకర్మ సూర్యుని తరిమెన మీదికి ఎక్కించి, ఎక్కువైన తేజస్సును చెక్కివేశాడు. రాలిన ఆ పొట్టు కూడా వృథా కాలేదు. దానితో విష్ణువు చక్రం, శివుని త్రిశూలం మొదలైన ఆయుధాలు తయారయ్యాయి. విష్ణు పురాణం, మార్కండేయ పురాణం చెప్పే కథ ఇది. కాళిదాసు రఘువంశం ఆరవ సర్గలో ఇందుమతీ స్వయంవరానికి వచ్చిన అవంతి రాజును వర్ణిస్తూ ఈ కథనే ఉపమానంగా తెచ్చాడు.

తరిమెన అంటే వస్తువును తిప్పుతూ ఉలితో నునుపుగా చెక్కే సాధనం. నేటి వాడుకలో దాని పేరు లేత్. లోకానికి వెలుగునిచ్చే దేవుణ్ణి సైతం సరిదిద్దగల పనిముట్టుగా ప్రాచీనులు దానిని భావించారు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరవైనాలుగు కళలలో గీత, వాద్య, నృత్యాల సరసనే తక్షణం అనే వడ్రంగమూ, వాస్తువిద్యా, ధాతువాదమూ చోటు చేసుకున్నాయి. అయితే పుస్తకంలో ఇంత గౌరవం పొందిన పని సమాజంలో అంత గౌరవం పొందలేదు. శ్లోకం చదివినవాడు పండితుడయ్యాడు. తరిమెన పట్టినవాడు పనివాడుగానే మిగిలాడు. ఆలోచన ఒకరిదీ, చేత మరొకరిదీ అన్న ఈ విభజన నేటి విద్యావిధానంలోనూ కొనసాగుతున్నది. దాని వల్ల చేతిపనికే కాదు, చదువుకు కూడా నష్టమే కలుగుతున్నది. ఈ నష్టం ఎటువంటిదో తెలుసుకోవడానికి ఒక చిన్న లోహపు ముక్కను పరిశీలిస్తే చాలు.

ఆ ముక్క పేరు క్యామ్. చూడటానికి కోడిగుడ్డును నిలువుగా కోసినట్లుంటుంది. ఒక వైపు గుండ్రంగా, మరో వైపు కొంచెం ముందుకు పొడుచుకు వచ్చిన ముక్కుతో ఉంటుంది. గుండ్రంగా తిరిగే కదలికను పైకీ కిందికీ ఆడే కదలికగా మార్చడం దీని పని. ఇది కొత్త ఊహ కాదు. అల్ జజరీ అనే శిల్పి 1206లో పూర్తి చేసిన తన యంత్రగ్రంథంలో క్యామ్‌లతో పనిచేసే పరికరాలను వర్ణించాడు. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నాలుగు ఘట్టాల ఇంజన్‌ను విజయవంతంగా నడిపాడు. ఆ తరువాత ఆ రకం ఇంజన్ వ్యాపించిన చోటల్లా క్యామ్ అవసరం పెరిగింది. ఇంజన్‌లోకి గాలీ ఇంధనమూ ప్రవేశించే ద్వారాన్నీ, కాలిన వాయువు బయటికి వెళ్లే ద్వారాన్నీ వాల్వులు మూసి ఉంచుతాయి. వాటిని సరైన క్షణంలో తెరిచి, సరైన క్షణంలో మూసుకోనిచ్చేది క్యామే. పిస్టన్‌ను ఆడించే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. చిన్న ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకుంటే క్యామ్ 1500 చుట్లు తిరగాలి. అంటే ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకోవాలి.

అరచేతిలో ఇమిడే నమూనా ఇంజన్లను ఇంట్లో స్వయంగా తయారు చేసే అలవాటు బ్రిటన్‌లో నూరేళ్లకు పైగా ఉన్నది. 1898లో పెర్సివల్ మార్షల్ లండన్‌లో ‘మోడల్ ఇంజనీర్’ పత్రికను ప్రారంభించాడు. ఉద్యోగం చేసుకుంటూ సాయంకాలాలు లేత్ ముందు గడిపే వారికి ఆ పత్రిక గురువై నిలిచింది. ఇరవయ్యో శతాబ్దంలో ఎడ్గార్ వెస్ట్‌బరీ వంటి రచయితలు చిన్న పెట్రోలు ఇంజన్ల నిర్మాణాన్ని అందులో భాగాలుగా బోధించారు. ఆ ఇంజన్లతో ఎవరూ ధనవంతులు కాలేదు. తాము చేసిన ఇంజన్ తిరగడం, అది ఎందుకు తిరుగుతున్నదో తమకు తెలియడం, ఈ రెండే వారికి లభించిన ప్రతిఫలం.

ఇటువంటి ఇంజన్‌లో పిస్టన్‌ను లేత్ మీద చేయవచ్చు, సిలిండర్‌ను చేయవచ్చు, ఇరుసులను చేయవచ్చు. అవన్నీ గుండ్రనివి. లేత్ స్వభావమే గుండ్రదనం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి లక్క రంగులు అద్దే కళాకారుల చేతిలోనూ, ఇనుప కడ్డీకి మర చుట్టే టర్నర్ చేతిలోనూ జరిగేది ఒకటే. వస్తువు తన కేంద్రం చుట్టూ తిరుగుతుంది, కదలక నిలిచిన పదును దానిని చెక్కుతుంది, ఫలితం వృత్తం అవుతుంది. క్యామ్ వృత్తం కాదు. గుండ్రదనం తప్ప మరొకటి ఎరగని యంత్రంతో గుండ్రంగా లేని వస్తువును చేయడం ఎలా? ఇక్కడే చేతిపని ఆలోచనగా మారుతుంది.

ఒక క్యామ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని గుండ్రని భాగం వ్యాసార్ధం 4 మిల్లీమీటర్లు. అది వాల్వును 2 మిల్లీమీటర్లు ఎత్తాలి. కనుక ముక్కు కొన కేంద్రం నుంచి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. కొన వాడిగా ఉంటే తొందరగా అరుగుతుంది కాబట్టి దానిని 1 మిల్లీమీటరు వ్యాసార్ధంతో గుండ్రంగా చేయాలి. ఆ చిన్న గుండ్రానికి కేంద్రం క్యామ్ కేంద్రం నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. ముక్కుకు ఇటు 60 డిగ్రీలు, అటు 60 డిగ్రీలు ఎత్తే భాగం ఉండాలి. మిగిలిన 240 డిగ్రీలలో వాల్వు మూసుకుని ఉంటుంది. గుండ్రని భాగాన్నీ ముక్కునూ కలుపుతూ రెండు వైపులా రెండు పక్కలు ఉంటాయి. ఆ పక్కలు ఎక్కడా గతుకు లేకుండా రెండింటినీ తాకుతూ వంగాలి. వాటి వంపు ఎంత ఉండాలన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు ఇంటర్మీడియట్ గణితం చదివే ప్రతి విద్యార్థి పుస్తకంలోనూ ఉన్నది. పక్క వంపు వ్యాసార్ధాన్ని ‘ర’ అనుకుంటే, దాని కేంద్రం క్యామ్ కేంద్రం నుంచి (ర − 4) దూరంలోనూ, ముక్కు కేంద్రం నుంచి (ర − 1) దూరంలోనూ ఉండాలి. క్యామ్ కేంద్రానికీ ముక్కు కేంద్రానికీ మధ్య దూరం 5. ఈ మూడు కేంద్రాలూ కలిసి ఒక త్రిభుజం అవుతాయి. అందులో క్యామ్ కేంద్రం వద్ద కోణం, 180లో నుంచి 60 తీసివేస్తే, 120 డిగ్రీలు. కొసైన్ సూత్రాన్ని అన్వయిస్తే ‘ర’ విలువ సరిగ్గా 20 మిల్లీమీటర్లు వస్తుంది. త్రిభుజం భుజాలు 5, 16, 19. పదహారు వర్గం 256, అయిదు వర్గం 25, వాటికి 16నూ 5నూ గుణించగా వచ్చిన 80 కలిపితే 361. అది 19 వర్గమే. కాగితం మీద ఇది నాలుగు మార్కుల లెక్క. లేత్ ముందు నిలిచినవాడికి ఇది ఒక ఆజ్ఞ. క్యామ్‌ను దాని కేంద్రం మీద కాక, ఆ కేంద్రానికి 16 మిల్లీమీటర్ల దూరాన ఉన్న మరొక బిందువు చుట్టూ తిప్పమని అది చెబుతున్నది.

చేసేవాడు అలాగే చేస్తాడు. ముందుగా ఉక్కు కడ్డీని మామూలుగా తిప్పి 12 మిల్లీమీటర్ల వ్యాసానికి తెస్తాడు. తరువాత లేత్ ఫేస్‌ప్లేట్ మీద కేంద్రానికి 16 మిల్లీమీటర్లు పక్కగా దానిని బిగిస్తాడు. ఒక వైపు బరువు ఎక్కువై యంత్రం ఊగకుండా ఎదురుగా మరో బరువు కడతాడు. లేత్‌ను మెల్లగా తిప్పుతాడు. కడ్డీ ఇప్పుడు తన చుట్టూ తాను తిరగదు. గానుగెద్దులాగా మరో కేంద్రం చుట్టూ తిరుగుతుంది. ప్రతి చుట్టులో ఒక్కసారి మాత్రమే అది పదునుకు తగులుతుంది. ఎడతెగని కోత చప్పుడుకు బదులు ‘టక్, టక్’ అనే దెబ్బలు వినిపిస్తాయి. కడ్డీ అంచు లేత్ కేంద్రం నుంచి 22 మిల్లీమీటర్ల దూరంలో మొదలవుతుంది. పదును 20 మిల్లీమీటర్ల వద్దకు చేరేవరకు కొద్దికొద్దిగా ముందుకు జరగాలి. కోతకు మిల్లీమీటరులో పదో వంతు చొప్పున తీస్తే ఇరవై కోతలు. తొందరపడి ఒక్కసారే లోతుగా తీస్తే పదును విరుగుతుంది, లేదా కడ్డీ బిగింపులో జారి అంతవరకు చేసిన పని వృథా అవుతుంది.

ఇలా ఒక పక్క తయారైంది. క్యామ్‌ను తన కేంద్రం మీద 120 డిగ్రీలు జరిపి బిగిస్తే రెండో పక్క తయారవుతుంది. మరి గుండ్రని భాగం మాటేమిటి? దానిని మామూలుగా తిప్పి కోయలేరు, ముక్కు అడ్డం వస్తుంది. దీనికి అనుభవజ్ఞులు కనిపెట్టిన ఉపాయం చాలా సులభమైనది. ఒక పక్క నుంచి రెండో పక్క వరకు, ముక్కు లేని వైపుగా, 5 డిగ్రీల చొప్పున జరుపుతూ అదే కోతను మళ్లీ మళ్లీ కోస్తూ పోవడమే. 5 డిగ్రీలు కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. 72 పళ్ల గేరు చక్రం ఒకటి ఉంటే చాలు, పన్నుకు 5 డిగ్రీలు. 240 డిగ్రీలకు 48 పళ్లు, మొదటిదీ చివరిదీ కలిపి 49 స్థానాలు. ఇన్ని కోతలు కోసినా రెండు కోతల మధ్య సన్నని గట్టు మిగులుతుంది. దాని ఎత్తును కూడా లెక్క కట్టవచ్చు. అది సుమారు 0.003 మిల్లీమీటర్లు. కళాశాల ప్రయోగశాలలోని స్క్రూగేజీ కొలవగలిగే అతిచిన్న కొలత 0.01 మిల్లీమీటరు. ఆ గట్టు అందులో మూడో వంతు కంటే తక్కువ. సన్నని సానరాయితో కొద్దిగా రుద్దితే అదీ పోతుంది. ముక్కు దగ్గర మిగిలిన రెండు మూలలను ఆకురాయితో గుండ్రం చేయాలి. ఇక్కడ యంత్రం సాయం లేదు. కన్ను, వేలి కొన, ఓర్పు, ఇవే సాధనాలు.

ఒక వాల్వుకు ఒక క్యామ్ కావాలి. రెండోదాన్ని అదే ఇరుసు మీద చేయాలి. గాలిని పీల్చే వాల్వు పిస్టన్ పైకొసకు చేరడానికి 10 డిగ్రీల ముందు తెరుచుకుని, కిందికొసను దాటిన 50 డిగ్రీలకు మూసుకోవాలనీ, పొగను వదిలే వాల్వు కిందికొసకు 50 డిగ్రీల ముందు తెరుచుకుని, పైకొసను దాటిన 10 డిగ్రీలకు మూసుకోవాలనీ అనుకుంటే, క్యామ్ షాఫ్ట్ మీద రెండు ముక్కులకూ మధ్య 110 డిగ్రీలు ఉండాలి. గేరు చక్రం మీద అది 22 పళ్లు. లెక్కించేటప్పుడు ఒక్క పన్ను తప్పితే క్యామ్ 5 డిగ్రీలూ, క్రాంక్ లెక్కలో 10 డిగ్రీలూ తప్పుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో ఆ రోజు తెలియదు. క్యామ్‌ను ఎర్రగా కాల్చి, సుమారు 780 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటిలో ముంచి గట్టిపరచి, మళ్లీ లేత గడ్డిరంగు వచ్చేవరకు వేడి చేసి పెళుసుదనం తగ్గించి, ఇంజన్‌లో కూర్చి తిప్పినప్పుడు తెలుస్తుంది. ఇంజన్ మొరాయిస్తుంది. అప్పుడు మళ్లీ కొత్త కడ్డీతో మొదలు పెట్టాలి.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారున్నారు. కంప్యూటర్ ఆదేశాలతో నడిచే యంత్రాలు ఇంతకంటే సూక్ష్మంగా, కొన్ని నిమిషాలలో క్యామ్‌ను తయారు చేస్తున్నాయి. పైగా విద్యుత్తుతో నడిచే వాహనాలు వచ్చాయి. వాటి మోటార్లకు వాల్వులు లేవు, క్యామ్‌ల అవసరమూ లేదు. కాలం చెల్లుతున్న విద్యను నేర్వడం కంటే ఆ సమయంలో మరో నాలుగు సమస్యలు సాధించి ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకోవడం మేలు కదా అని తల్లిదండ్రులు అనుకుంటే వారిని తప్పుపట్టనక్కరలేదు. పిల్లల భవిష్యత్తు మీద వారికి ఉన్న ఆదుర్దా నిజమైనది.

కానీ ఈ వాదం క్యామ్‌ను మాత్రమే చూస్తున్నది, క్యామ్‌ను చేసిన మనిషిని చూడటం లేదు. ఈత నేర్చుకునేవాడు ఏరు దాటడానికి పడవ దొరకక నేర్చుకోవడం లేదు. లోహంతో తలపడినవాడికి మూడు గుణాలు అలవడుతాయి. అవి మరో మార్గంలో అంత తేలికగా దొరకవు.

మొదటిది, సూత్రానికి అర్థం తెలియడం. కొసైన్ సూత్రాన్ని వల్లించే విద్యార్థులు ప్రతి కళాశాలలోనూ ఉన్నారు. ఆ సూత్రం ఒక వస్తువుకు ఆకారం ఇస్తుందని అనుభవంలో తెలిసినవారు అరుదు. 5, 16, 19 భుజాల త్రిభుజాన్ని ఉక్కులో చూసినవాడు దానిని పరీక్ష తరువాత మరచిపోడు. ఆకలి తెలిసినవాడికి అన్నం రుచి తెలిసినట్లే, అవసరం తెలిసినవాడికే సూత్రం విలువ తెలుస్తుంది.

రెండోది, నిజాయితీ. భౌతికశాస్త్ర ప్రయోగాలలో వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజీ విద్యార్థుల చేతికి వస్తాయి. ఒక తీగ మందాన్ని కొలిచి, పట్టికలో రాసి, సగటు కట్టి, పుస్తకం మూస్తారు. రావలసిన జవాబు ముందే తెలుసు కనుక, జవాబు నుంచి వెనక్కి నడిచి కొలతలను నింపే అలవాటు చాలాచోట్ల ఉన్నదన్నది అందరూ ఎరిగిన రహస్యమే. కాగితం ఆ అబద్ధాన్ని భరిస్తుంది. ఉక్కు భరించదు. స్క్రూగేజీలో ఉన్న మరసూత్రమే లేత్‌లో పదునును ముందుకు జరిపే పిడికీ ఆధారం. ప్రయోగశాలలో దానితో కొలిచి వదిలేస్తున్నారు, లేత్ దగ్గర ఆ కొలతకు కట్టుబడాలి. 22 పళ్లకు బదులు 21 పళ్లు లెక్కపెట్టి 22 అని రాసుకుంటే పరీక్షకుడు మార్కులు వేయవచ్చు, ఇంజన్ మాత్రం తిరగదు. అధికారం, పలుకుబడి, సిఫారసు ఏవీ పనిచేయని పరీక్ష జీవితంలో ఒక్కసారైనా రాయడం యువతకు అవసరం.

మూడోది, ఇతరుల పని మీద గౌరవం. హెన్రీ మాడ్‌స్లే పన్నెండేళ్ల వయసులో ఇంగ్లండులోని వుల్‌విచ్ ఆయుధాగారంలో పనికి చేరిన పేద బాలుడు. 1797, 1800 సంవత్సరాల మధ్య అతడు నిర్మించిన మరలు కోసే లేత్ నేటికీ లండన్ సైన్స్ మ్యూజియంలో ఉన్నది. జోసెఫ్ విట్‌వర్త్, జేమ్స్ నాస్మిత్ వంటి గొప్ప ఇంజనీర్లు అతని పనిశాలలో పనిచేసి ఎదిగారు. ఒక సమాజం చేతిపని చేసేవాడిని గురువుగా అంగీకరిస్తే ఏమి సాధించగలదో ఆ చరిత్ర చెబుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పి సరిచేసే పనివారిలోనూ అటువంటి నేర్పుకు కొదవ లేదు. ఇంజన్ చప్పుడు విని ఏ వాల్వు సరిగా మూసుకోవడం లేదో చెప్పగలవారు అక్కడ ఉంటారు. కానీ వారి జ్ఞానాన్ని జ్ఞానమని పిలవడానికి చదువుకున్నవారికి నోరు రాదు. ఒక్క క్యామ్‌ను స్వయంగా చేయడానికి ప్రయత్నించి విఫలుడైన విద్యార్థి అటువంటి మనిషిని జీవితంలో మరెన్నడూ చులకనగా పిలవడు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని తప్పక ఎదుర్కోవాలి. చేతిపనిని పొగడటం సులభం, చేయడం కష్టం. కమ్మరి, వడ్రంగి, కంచరి కుటుంబాల పిల్లలు ఆ వృత్తులను విడిచి చదువు వైపు వచ్చారంటే అందుకు బలమైన కారణాలున్నాయి. కొలిమి పొగ, చాలీచాలని ఆదాయం, తరతరాల అవమానం వారిని అక్కడి నుంచి తరిమాయి. వారిని మళ్లీ వెనక్కి పొమ్మనడం అన్యాయం. పుట్టుకను బట్టి పనిని నిర్ణయించే పాత పద్ధతికి కొత్త పేరు పెట్టడం అంతకంటే అన్యాయం. 1937లో వార్ధాలో జరిగిన జాతీయ విద్యాసదస్సులో గాంధీజీ చేతివృత్తి ద్వారా విద్య అనే ఆలోచనను దేశం ముందుంచారు. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దానికి పాఠ్యప్రణాళిక రూపొందించింది. ఆ ప్రయత్నం దేశమంతటా నిలదొక్కుకోలేకపోవడానికి ఒక ముఖ్య కారణం, అది పేదల పిల్లలకు మాత్రమే ఉద్దేశించిన చదువన్న అనుమానం. స్తోమత గలవారు తమ పిల్లలను అటువంటి బడులకు పంపలేదు. కాబట్టి నేడు కావలసింది కమ్మరి కొడుకు కమ్మరిగానే ఉండటం కాదు. వైద్యుని కూతురూ, అధికారి కొడుకూ, రైతు బిడ్డా, కమ్మరి బిడ్డా ఒకే బల్ల దగ్గర నిలబడి ఒకే ఆకురాయి పట్టడం. పని అందరిదీ అయినప్పుడే దానికి అంటిన అవమానం తొలగుతుంది.

ఇది ఆచరణలో సాధ్యమా అంటే సాధ్యమే. 2020 జాతీయ విద్యావిధానం ఆరవ తరగతి నుంచే వృత్తి నైపుణ్యాల పరిచయం జరగాలని సూచించింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివేవారు పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తినిపుణుల దగ్గర గడపాలని చెప్పింది. సూచన మంచిదే. అయితే ఎనిమిదో తరగతితో ఆగిపోతే అది విహారయాత్రగా మిగిలే ప్రమాదం ఉన్నది. గణితం పదునెక్కే వయసు ఇంటర్మీడియట్. లెక్కకూ లోహానికీ పెళ్లి జరగవలసిన ముహూర్తం అదే. ప్రతి జూనియర్ కళాశాలకూ కొత్తగా పనిశాల కట్టనక్కరలేదు. సమీపంలోని పారిశ్రామిక శిక్షణ సంస్థలోనో, పాలిటెక్నిక్‌లోనో లేత్‌లు ఉన్నాయి, వాటిని నేర్పే శిక్షకులూ ఉన్నారు. హైదరాబాద్ బాలానగర్‌లో పనిముట్ల రూపకల్పన నేర్పడానికే ఒక కేంద్ర సంస్థ 1968 నుంచి పనిచేస్తున్నది. సెలవు రోజులలో ఈ తలుపులు జూనియర్ కళాశాల విద్యార్థులకు తెరుచుకోవాలి. బదులుగా శిక్షణ సంస్థ విద్యార్థులకు కళాశాల అధ్యాపకులు ఆ లెక్కల వెనుక ఉన్న గణితాన్ని బోధించాలి. ఒకరికి చేయి, మరొకరికి సూత్రం అన్న గోడ ఇటు నుంచీ అటు నుంచీ కూలాలి.

రెండేళ్లలో ఒక్కొక్క విద్యార్థి ఒక్క వస్తువును చెప్పిన కొలతకు తయారు చేస్తే చాలు. అది క్యామే కానక్కరలేదు. సరిగ్గా పొదిగే చెక్క కీలు కావచ్చు, తడబడకుండా తిరిగే బొంగరం కావచ్చు, చుక్క నీరు కారని కుళాయి బిగింపు కావచ్చు. దానికి మార్కులు వేయకపోవడమే మంచిది. మార్కులు వేస్తే బజారులో కొన్న వస్తువును తెచ్చి చూపేవారు బయలుదేరుతారు. వస్తువు పనిచేసిందా లేదా అన్న ఒక్క ప్రశ్నే చాలు. పనిచేయకపోతే ఎందుకు పనిచేయలేదో విద్యార్థి చెప్పగలగాలి. తన తప్పుకు కారణం చెప్పగలిగినవాడు సగం నేర్చుకున్నట్లే.

యంత్రాలు మరింత తెలివైనవి అవుతున్న కాలం ఇది. ఆదేశం ఇస్తే ఆకారం ఇచ్చే సాధనాలు వచ్చాయి, ఇంకా వస్తాయి. కానీ వాటికి ఇచ్చిన ఆదేశం సరైనదో కాదో, వచ్చిన ఆకారం పనికివస్తుందో రాదో నిర్ణయించవలసింది మనిషే. ఎన్నడూ ఒక వస్తువును చేసి ఎరగనివాడు ఆ తీర్పు చెప్పలేడు. అతడు యంత్రానికి యజమాని కాలేడు, దాని ముందు చేతులు కట్టుకు నిలిచే సాక్షి మాత్రమే అవుతాడు. తప్పును చేతితో తడిమి గుర్తుపట్టగలవాడే రేపటి యంత్రాలను నడపగలడు. ఆ చేతిని సిద్ధం చేసే బాధ్యత విద్యది. సిద్ధం చేసుకునే హక్కు విద్యార్థిది. ఆ హక్కును అడిగి తీసుకోవడానికి పదహారేళ్ల వయసును మించిన మంచి వయసు లేదు.